మూడు ఇసుక పోగులు

మా అత్త కూర్మమ్మ చేత్తో పోగు పెట్టిందంటే గుల్లపేటలో దానికిక తిరుగులేదు. పెద్దవల ఒడ్డుకు లాగి చేపలన్నీ ఇసుక మీద కుమ్మరించాక, ఎన్ని ఇళ్ళకు వాటా ఉంటే అన్ని పోగులు పెట్టాలి. అదేమీ అల్లాటప్పా పని కాదు. ఒక పోగులో కానాగంతలు ఎక్కువ పడితే ఇంకో పోగులో కవళ్ళు కలపాలి. పెద్ద చేప ఒక్కటే పడితే దానికి సరిపడా చిన్నవి ఎన్ని వెయ్యాలో కంటికి తెలియాలి. తక్కెడ లేదు, తూకం లేదు. అత్త నోట్లో అడ్డపొగ పెట్టుకుని, అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పోగుల చుట్టూ ఒక తిరుగు తిరిగేది. వంగి ఇక్కడి చేప తీసి అక్కడ పడేసేది. అంతే. మాటకు ముందు చెయ్యెత్తే మగాళ్ళు కూడా నోరు మూసుకుని నిలబడేవారు.

ఆ తరవాత గుర్తులు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. మా ఇంటిది గవ్వ. ఒకరిది తాటాకు ముక్క, ఒకరిది చింతపిక్క, ఇంకొకరిది కొబ్బరి పీచు ముడి. ఏ గుర్తు ఎవరిదో తెలియని మనిషిని పిలిచి, వాటిని చేతికిచ్చి, పోగుకొకటి పెట్టమంటారు. ఏ పోగు మీద ఏ గుర్తు పడితే ఆ పోగు ఆ ఇంటిది. పడ్డాక మాట లేదు. నాకీ పోగు వద్దు అన్న మగాడు మా పేటలో ఇంతవరకూ పుట్టలేదు. గంగమ్మ తల్లి పెట్టించిన గుర్తు అంటారు, దండం పెట్టి ఎత్తుకుపోతారు.

మంచి పద్ధతే. చేపలకు మంచి పద్ధతి. దాన్ని తీసుకెళ్ళి మనిషి ప్రాణం మీద పెట్టారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయింది, ఆ మంట చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

నా పేరు గురమ్మ. కూర్మమ్మ నాకు మేనత్త. ఆమె కొడుకు జోగయ్యను చేసుకున్నాక అత్తగారు కూడా అయింది. మా అయ్య అప్పలసూరి ఆమెకు అన్న. మా మామ పేరు ఎల్లాజీ. తండ్రి వైపు నుంచి చూసినా, మొగుడి వైపు నుంచి చూసినా ఆవిడ నాకు అత్తే. అందుకని ఆవిడను రెండింతలు తిట్టే హక్కు నాకుందని నా లెక్క. ఆవిడ కూడా కాదనేది కాదు. "తిట్టీయే, తిట్టీ. నీ నోరు నాదే కదా, ఎక్కడికి పోతాది?" అని నవ్వేది.

నవ్వు పెద్దది. గొంతు అంతకన్నా పెద్దది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని కోటబొమ్మాళి సంతకు బయలుదేరిందంటే, ఊరి మొదట్లో కేక వేస్తే ఊరి చివర కుక్కలు లేచేవి. ఆ దారిలో ఉన్న పల్లెల్లో ప్రతి ఇల్లూ తెలుసు. ఎవరింట్లో బాలింత ఉందో, ఎవరింట్లో అన్నదమ్ములు వేరుపడ్డారో చెప్పేది. కోటబొమ్మాళి వైపు రైతుల ఇంటి మనిషి జగ్గమ్మ ఆవిడకు స్నేహితురాలు. పచ్చి చేపలు కావాలంటే జగ్గమ్మే సముద్రం గట్టుకు వచ్చేది, ఎండు చేపలైతే అత్తే వాళ్ళ అరుగు మీద గంప దించేది. ఇద్దరూ బేరమాడుకుంటుంటే కొట్టుకుంటున్నారేమో అనిపించేది. చివరికి జగ్గమ్మ పెట్టిన గంజి తాగి, జగ్గమ్మ చుట్టే వెలిగించుకుని వచ్చేది.

పంతొమ్మిది వందల అరవై ఏడో, అరవై ఎనిమిదో. దసరా వెళ్ళిన రోజులు. అత్త తడిక వెనకాల నీళ్ళు పోసుకుంటూ నన్ను పిలిచింది. వీపు రుద్దమంటుందేమో అనుకుని వెళ్ళాను.

"ఓలి గురమ్మా, ఇక్కడ సెయ్యేసి సూడు."

ఎడమ రొమ్ము కింద నా చెయ్యి పట్టుకుని పెట్టింది. చర్మం కింద చింతపిక్కంత గట్టిగా తగిలింది. జరిపితే జరగలేదు.

"నొప్పి ఉన్నాదేటి అత్తా?"

"నొప్పుంటే బాగున్ను. నొప్పి నేదు. అందుకే బయ్యంగున్నాది."

"ఎప్పట్నుంచి?"

"నెత్తళ్ళు ఎండేసిన కాడ్నుంచీ."

అంటే ఎండాకాలం నుంచి. నాకు అక్కడే కోపం నషాళానికి అంటింది. "అప్పట్నుంచీ ఒంట్లో ఉంచుకుని ఇప్పుడా సెప్తన్నావు? సిగ్గు నేదేటి నీకు?" అని అరిచాను. ఆవిడ తడి చీర చుట్టుకుంటూ, "సిగ్గుండబట్టే సెప్పనేదే" అంది.

సంత రోజున ఇద్దరం కలిసి వెళ్ళాం. గంప జగ్గమ్మ అరుగు మీద దించి, ఊళ్ళో ఉన్న చిన్న ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరు నెమ్మదస్తుడు. తెర కట్టించి, నన్ను పక్కన నిలబెట్టి చూశాడు. చూసి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఇది ఇక్కడ తేలేది కాదమ్మా. కొన్ని గడ్డలు ఉత్త గడ్డలే, కొన్ని ప్రాణం తీసేవి. ఏదో తేలాలంటే పెద్ద ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోవాలి. విశాఖపట్నం వెళ్ళొచ్చు. మగ డాక్టర్లంటే మొహమాటమైతే విజయనగరంలో ఆడవాళ్ళ ఆసుపత్రి ఉంది, అక్కడ చూసేవాళ్ళందరూ ఆడవాళ్ళే. ఎక్కడికి వెళ్ళినా సరే, ఆలస్యం మాత్రం చెయ్యకండి."

అత్తా నేనూ తిరుగు దారి పట్టాం. ఆవిడ మాట్లాడకుండా నడిచిన దారి అదొక్కటే అనుకుంటాను. ఉప్పు మడుల దగ్గరకు వచ్చాక ఉన్నట్టుండి ఆగింది.

"నిజంగా అందరూ ఆడోల్లేనేటే?"

"డాక్టరుబాబు అబద్ధం ఎందుకు సెప్తాడు?"

"అయితే ఇజీనారం ఎల్తాను. ఆడది సూస్తే నాకు సిగ్గు నేదు. కోస్తే కోసుకోనీ. రొమ్ముతో ఇంకేటి పనున్నాది నాకు, పిల్లలకి పాలిచ్చాలా? గంప మొయ్యడానికి మెడుంటే సాలు."

అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఉప్పు మడుల దగ్గర మా అత్త తన దారి తానే ఎంచుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తరవాత మా ఇంట్లో అందరూ అది మరచిపోయారు. ఆవిడతో సహా.

ఇంట్లో మాట చెప్పగానే పంచాయితీ మొదలైంది. వలలు ఆరేసిన చోట మగాళ్ళు ముగ్గురూ కూర్చున్నారు. మా అయ్యను కబురెట్టి పిలిపించాను, నాకు అండగా ఉంటాడని.

మామ ఎల్లాజీ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. తుఫానులో తెప్ప వదిలి పక్కవాణ్ణి పట్టుకుని ఈదుకొచ్చిన మనిషి. కానీ ఆసుపత్రి అంటే మాత్రం చచ్చేంత భయం. దానికి కారణం మా పక్కింటి బుల్లమ్మ. ఆవిడకు రొమ్ములో గడ్డ కొబ్బరికాయంత అయ్యాక తీసుకెళ్ళి కోయించారు. ఇంటికొచ్చి ఎన్నాళ్ళో ఉండలేదు. ఆలస్యమై పోయిందా, కోసినందుకు పోయిందా? బుద్ధున్నవాడికి తెలుస్తుంది. పేటలో మాత్రం కోసినందుకే పోయిందని స్థిరపడిపోయింది.

"కత్తి తగిలితే గాలి సొరబడతాదిరా. గాలి సొరబడితే ఒల్లంతా పాకుతాది. బుల్లమ్మని సూడనేదేటి? పాతపట్నం అవతల కట్టు కట్టే మనిషున్నాడు. మందు కట్టి వొగ్గేస్తే గడ్డ పండులాగ రాలిపోద్దంట. నెత్తురు సుక్క పడదు" అన్నాడు మామ.

నా మొగుడు జోగయ్యది ఇంకో దారి. వాళ్ళ తెప్పలో మనిషికి కాలు విరిగితే విశాఖపట్నం తీసుకెళ్ళాడు, ఆ ఆసుపత్రి మేడలు చూసి వచ్చాడు. "ఎల్తే ఇశాపట్నమే ఎల్లాల. అంత పెద్ద డాకటేర్లు ఇంకెక్కడుంటారు?" అన్నాడు.

"నా సెల్లెల్ని మగోల్ల ముందు పడుకోబెడతావేట్రా? ఇజీనారం తీసుకెల్తాను" అన్నాడు మా అయ్య.

"నీ సెల్లెలు నా పెళ్ళాం బావా. ఆ మాట మరిసిపోకు."

"పెళ్ళామయితే సంపీసుకుంటావేటి?"

అంతే, ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఊళ్ళో జనం పోగయ్యారు. ఎవరి నోటికొచ్చిన ఆసుపత్రి వాళ్ళు చెప్పారు, ఎవరి మేనత్త ఎక్కడ పోయిందో వాళ్ళు చెప్పారు. ఈ గోలలో అత్త ఒక మూల కూర్చుని చుట్ట తిప్పుకుంటోంది. నేను మోచేత్తో పొడిచాను. "సెప్పు అత్తా. దారిలో నాతో అన్న మాట సెప్పు." ఆవిడ నా వైపు చూడలేదు.

అప్పుడు మామ అన్నాడు, "కొట్టుకోడమెందుకు? గుర్తేద్దాం. తల్లి ఎక్కడికెల్లమంటే అక్కడికే ఎల్దాం."

ఆ మాటతో అందరూ చల్లబడ్డారు. మా అయ్య కూడా. నాకు అండగా వస్తాడని పిలిపించుకున్న మా అయ్య! "అదీ న్యాయమే" అని తల ఊపాడు. నేను ఊరుకోలేదు. "ఇదేటి మావా, ఇదేటి సేపలా? మనిషి! మనిషిని గుర్తేసి పంపుతారేటి?" అన్నాను. "ఆడపిల్లవి, నీకెందుకే పెద్దోల్ల మాటలు?" అని మామ అంటే, "ఊరుకో గురమ్మా" అని నన్ను ఆపింది ఎవరనుకున్నారు? అత్తే.

లేచి చీర బిగించింది. అందరం గట్టు మీదికి నడిచాం. తడి ఇసుక రెండు చేతులతో తోడి మూడు పోగులు పెట్టింది. సముద్రం వైపుది విశాఖపట్నం, నడిమిది విజయనగరం, పేట వైపుది పాతపట్నం. పోగులు పెట్టాక చుట్టూ ఒక తిరుగు తిరిగింది. విజయనగరం పోగు కొంచెం ఎత్తుగా అనిపించిందో ఏమో, పిడికెడు ఇసుక తీసి పాతపట్నం పోగు మీద వేసి అరచేత్తో అద్దింది. మళ్ళీ దూరం వెళ్ళి చూసింది. ఎవరి చెయ్యీ ఒక పోగు వైపే లాగకూడదని అంత జాగ్రత్త. తన ప్రాణం మీద కూడా ఆ మనిషికి అంత నీతి.

ఆ పూట జగ్గమ్మ చేపలకు వచ్చింది. ఆమెకు ఈ సంగతేమీ తెలియదు. ఆమెను పిలిచి చేతిలో మా గవ్వ పెట్టారు. "ఏదో పోగు మీద పెట్టీ జగ్గమ్మా" అన్నాడు మామ.

"ఇసుక మీద ఆటేటి? సంటిపిల్లలయిపోనారేటి అందరూ?" అని నవ్వుతూ, చేతికి దగ్గరగా ఉన్న పోగు మీద గవ్వ పెట్టేసింది. ఆమె పేట వైపు నిలబడి ఉంది.

పాతపట్నం.

మా అయ్య తలగుడ్డ తీసి దులుపుకున్నాడు. జోగయ్య ఒక్క మాట అనలేదు. గుర్తు పడ్డాక మాట లేదు కదా! నేను అత్త మొహం చూశాను. నాకు ఈ రోజుకీ మరపుకు రానిది ఆ మొహమే. భయం లేదు, బాధ లేదు. గంప దించిన మనిషి మొహంలా ఉంది. తాను ఎంచుకోనక్కర్లేదు, తప్పయితే తన మీద పడదు, ఎవరితోనూ తగువు లేదు. "దారిలో ఇజీనారం ఎల్తానన్నావు కాదేటి?" అని నేను ఏడుస్తూ అడిగితే, "అన్నాను. గుర్తు పడ్డాది కదే" అంది.

పాతపట్నం వెళ్ళాం. బస్సు దిగి, పొలాల గట్ల మీద చాలా దూరం నడవాలి. ఆ రోజుల్లో ఆ వైపు కొండల్లో గొడవలని పోలీసులు బస్సులాపి మూటలు విప్పించేవారు. అత్త చేతిలో ఎండుచేపల మూట చూసి ఒక పోలీసు ముక్కు మూసుకుంటే, "తిన్నప్పుడు మూసుకోవు కదా బాబూ" అంది. బస్సంతా నవ్వింది. అప్పటికింకా ఆవిడ నోరు ఆవిడదే.

కట్టు కట్టే మనిషి మంచి మాటకారి. గడ్డ మీద చర్మం గీరి, నల్లటి ముద్ద పెట్టి, ఆకు వేసి గుడ్డ బిగించాడు. "మంట పుడితే మందు పని చేస్తున్నట్టు. కట్టు విప్పారో, నా పూచీ లేదు" అన్నాడు. మంట పుట్టింది. బస్సులోనే పుట్టింది. ఇంటికి వచ్చాక అత్త తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని నేల మీద దొర్లింది. నేను కట్టు విప్పబోతే మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "పనిసేస్తన్నాదే, పనిసేస్తన్నాది" అంటూ ఆయనే ఏడ్చాడు. ఏమనాలి ఆ మనిషిని?

మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ కట్టాడు. అలా చలికాలమంతా గడిచింది. ఇంట్లో కుళ్ళిన వాసన. చేపల వాసనలో పుట్టి పెరిగిన మాకే అన్నం దిగేది కాదు. ఒక పూట కట్టు విప్పితే నల్లటి మాంసం ముద్ద ఊడి ఆ కట్టు మనిషి చేతిలో పడింది. "చూశారా, వేరుతో సహా వచ్చేసింది" అని తాటాకులో పెట్టి చూపించాడు.

మామ ఆనందం చూడాలి! గంగమ్మకు కోడిని కోశాడు, పేటంతా తిరిగి చెప్పాడు. "కత్తి నేదు, నెత్తురు నేదు. ఏటే గురమ్మా, నోరు పడిపోనాదేటి?" అని నన్ను ఆటపట్టించాడు. పడిపోతే పడిపోయింది, అత్త బతికితే అదే చాలు అనుకున్నాను. నాకూ ఆశ పుట్టింది. దిక్కుమాలిన ఆశ.

పుండు మానలేదు. ఉగాది వచ్చింది, మానలేదు. చంక కింద గోలీకాయల్లాంటివి తగిలాయి. ఎడమ చెయ్యి వాచి గాజులు బిగిసిపోయాయి, నూనె రాసినా రాకపోతే పగలగొట్టాను. అయినా సంతకు వెళతానని గంప ఎత్తించుకుంది. ఊరి చివర తాటితోపు దాటక ముందే కాళ్ళు తడబడ్డాయి. నేను పట్టుకునేలోగా గంప జారి చేపలు దుమ్ములో పడ్డాయి. ఆవిడ వాటి పక్కనే చతికిలబడి, "నాను ఏరలేనే గురమ్మా, నువ్వేరు" అంది. మా అత్త మోసిన ఆఖరి గంప అది.

ఈసారి ఎవరూ గుర్తు మాట ఎత్తలేదు. మా అయ్య వచ్చి, "ఎవుడడ్డొస్తాడో సూస్తాను" అని చెల్లెల్ని భుజానికి ఆనించుకుని కోటబొమ్మాళి స్టేషనుకు తీసుకెళ్ళాడు. మామా, నేనూ వెనక నడిచాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. రైల్లో అత్త కిటికీకి తల ఆనించి స్టేషన్ల పేర్లు అడుగుతూ వచ్చింది. చీపురుపల్లి దాటాక, "ఇంత దగ్గిరేనేటే ఇజీనారం?" అంది. నేను మొహం తిప్పుకున్నాను.

ఆసుపత్రిలో బల్ల మీద కూర్చోబెట్టారు. అటు ఇటు చూసింది. మందులిచ్చేది ఆడది, కట్లు కట్టేది ఆడది, డాక్టరమ్మ ఆడది. మామనూ, అయ్యనూ వాకిట్లోనే ఆపేశారు.

"ఓలమ్మ! నిజంగానే అందరూ ఆడోల్లేనే" అని నవ్వింది. చిన్నపిల్లకు తిరనాళ్ళు చూపించినట్టు కళ్ళు మెరిశాయి. ఆ నవ్వు చూసి నాకు అక్కడే గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

డాక్టరమ్మ పుండు చూసింది, చంక చూసింది, మెడ చూసింది. చేతులు కడుక్కుని నన్ను వాకిట్లోకి తీసుకొచ్చింది. మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు? చిన్నగా ఉన్నప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

"గుర్తు పాతపట్నం మీద పడ్డాదమ్మా" అన్నాడు మామ.

"ఏం గుర్తు?"

ఎలా చెప్పాలి? చెబితే మాత్రం ఏమర్థమవుతుంది?

"ఇప్పుడు లోపలికి పాకిపోయింది. కోసినా లాభం లేదు. విశాఖపట్నం వెళతానంటే పంపిస్తాను, కానీ అక్కడ కూడా నొప్పి తగ్గించడమే తప్ప చేసేదేమీ ఉండదు. చింతపిక్కంత ఉన్నప్పుడు వచ్చి ఉంటే తీసేసేవాళ్ళం."

"తీసీస్తే బతికీదేటి అమ్మా?" అని మా అయ్య అడిగాడు.

"తప్పకుండా అని చెప్పలేను. దారి మాత్రం ఉండేది."

మామ వాకిట్లో మట్టి మీద కూలబడి రెండు చేతులతో నెత్తి బాదుకున్నాడు. నాకు జాలి వేసింది. అదీ కోపంగానే వేసింది. లేవమని కూడా అనలేదు. అత్తకు ఎవరూ చెప్పలేదు. బయటికి వచ్చి మా మొహాలు చూసింది. "ఇంటికెల్దాం. సముద్రం గాలి నేకపోతే ఊపిరాడదు నాకు" అంది.

ఎండలు ముదిరాయి. గట్టు మీద తెప్పలు పెట్టే పాకలో మంచం వేయించుకుంది. చుట్ట మానేసింది, రుచి తెలియడం లేదంది. రాను రాను మాట సన్నగిల్లింది. ఆ గొంతు సన్నగిల్లడం చూస్తేనే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

ఒక పొద్దున పెద్దవలకు దండిగా చేప పడింది. అత్త బదులు తాతమ్మ అనే ఆవిడ పోగులు పెడుతోంది. పాపం, ఆ చెయ్యికి అంత అలవాటు లేదు. ఈ పోగు తక్కువంటే ఆ పోగు తక్కువని మగాళ్ళు గొడవకు దిగారు. చివరికి నలుగురు వచ్చి, "కూర్మమ్మా, నువ్వొకసారి సూసి సెప్పీ" అని మంచంతో సహా ఎత్తుకెళ్ళి పోగుల దగ్గర దించారు. గుర్తులు పెట్టడానికి బయటి మనిషి ఇంకెవరూ లేక జగ్గమ్మను పిలిచారు. అప్పటికి ఆమెకు ఆ రోజు ఇసుక పోగుల సంగతి తెలిసింది. చేతిలో మా గవ్వ పడగానే ఆమె దాన్ని మిగతా గుర్తుల కిందికి తోసింది.

అత్త తల పక్కకు వాల్చి పోగుల వంక చూసింది. చాలాసేపు చూసింది.

"ఆగు జగ్గమ్మా. ఇప్పుడే ఎయ్యకు. ఆ సివర్ది తక్కువున్నాది. దానికింకో నాలుగు కానాగంతలు ఎయ్యండి."

వేశారు. సరిపోయింది. అందరూ తలలూపారు. అప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గొంతు లేదు, దగ్గరికి వంగితే గాని వినపడలేదు. మామ కూడా వంగాడు.

"సమానం కాని పోగుల మీద గుర్తెయ్యకూడదని ఈ పేటకి నేర్పింది నానే కదే గురమ్మా. ఆ దినం ఆ మూడూ సమానం కాదని నాకు తెల్దేటి? దారిలోనే తెలుసు. బయ్యమేసినాది. అందుకే ఇసకతో సమానం సేసీసేను."

మామ ఒక్క ఉదుటున లేచి, జగ్గమ్మ చేతిలోంచి మా గవ్వ లాక్కుని సముద్రంలోకి విసిరేశాడు. గుర్తు లేని ఇంటికి పోగు లేదు. అది తెలిసే విసిరాడు.

అత్త ఆ అలల వైపు చూసింది. "ఎందుకిసిరీసినావు? గవ్వేటి సేసినాది? ఎక్కడెడితే అక్కడ కూకున్నాది" అంది.

మంచం మళ్ళీ పాకలోకి మోసుకొచ్చాం. పెద్దవల మళ్ళీ పడేలోగానే అత్త పోయింది.